విశాఖలో తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పార్టులు తామే ఎంచుకుని కంప్యూటర్ కట్టుకోవాలనుకునే వైజాగ్ వాళ్ల కోసం ఈ పేజీ. బడ్జెట్ 40 వేల నుంచి 80 వేల మధ్య ఉంటుందనుకుని రాశాను. ధరలు వారానికోలా మారుతున్నాయి కాబట్టి ఒక్కో పార్టుకు రేటు రాయలేదు. దేనికి ఎక్కువ పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ పొరపాటున కూడా తగ్గించకూడదు అన్నదే ఇక్కడ ముఖ్యం. మొత్తం చదివే ఓపిక లేకపోతే ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు అందించే డబ్బా), ఎర్తింగ్ గురించిన ప్రశ్నలైనా చదవండి.

ముందు ఏ పార్టు ఎంచుకోవాలి?

పార్టుల కంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఏ ఆటలు ఆడతారు? ఏ మానిటర్ మీద ఆడతారు?

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివే ఆడేవాళ్లకు పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. వాటిలో బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ కథల ఆటలు ఆడేవాళ్లకు లెక్క తిరగబడుతుంది, అక్కడ కార్డే రాజు. మీరు నిజంగా ఆడే ఐదు ఆటల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఎప్పుడైనా ఆడతానేమో అనుకునేవి ఆ జాబితాలో రాయకండి. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది వాటి కోసమే.

ఇక మానిటర్. ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) మానిటర్‌తోనే నడిపిస్తానంటే, సెకనుకు 60 ఫ్రేములకు మించి కార్డు ఎన్ని తీసినా మీ కంటికి ఆనవు. కొత్తది కొనేట్టయితే 1080పీ (1920x1080 చుక్కల తెర), ఐపీఎస్ ప్యానెల్, 144 హెర్ట్జ్ లేదా ఆ పైన ఉన్నది తీసుకోండి. ఈ బడ్జెట్‌లో 4కే ఊసు వద్దు. ఒక ఫ్రేములో 1080పీ కంటే నాలుగు రెట్ల చుక్కలు గీయాలి, ఈ ధరలో దొరికే కార్డులు దానికి చాలవు.

డబ్బు ఎలా పంచుకోవాలి?

మానిటర్, కీబోర్డు, మౌస్ పక్కన పెట్టి, ఒక్క డబ్బాకే 60 వేలు ఉన్నాయనుకుందాం. అందులో 35 నుంచి 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకు పక్కన పెట్టండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు రెండూ కలిపి 30 శాతం దాటకుండా చూసుకోండి. మిగిలినదాంట్లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ సర్దుకోవాలి.

షాపులో కళ్లు చెదిరేవి మూడే: ముందు వైపు గాజు పలక ఉన్న క్యాబినెట్, రంగురంగుల ఫ్యాన్లు, లిక్విడ్ కూలర్. ఈ మూడింటికీ పోయే డబ్బుతో కార్డు ఒక మెట్టు పైకి వెళ్తుంది. లైట్లు ఇష్టమైతే తర్వాతెప్పుడైనా పెట్టుకోవచ్చు. తక్కువ కార్డుతో మొదలుపెడితే మాత్రం ఆ లోటు ఆడిన ప్రతిరోజూ కనిపిస్తుంది.

ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలి? 8 జీబీ చాలా?

1080పీలో ఆడటానికి 8 జీబీ మెమరీని కనీసం అనుకోండి. 4 జీబీ కార్డు కొత్తది కొనకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే. ఇప్పటి పెద్ద ఆటల్లో టెక్స్చర్లు మీడియంలో పెట్టినా 4 జీబీ నిండిపోతుంది. అప్పుడు ఆట మధ్యమధ్యలో ఆగి ఆగి కదులుతుంది. సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనిపిస్తుంది గానీ చేతికి మాత్రం ఆ కుదుపు తెలుస్తుంది.

తక్కువ డబ్బులో ఎన్నాళ్లుగానో నమ్మకంగా చెప్పుకుంటున్న కార్డు ఆర్‌ఎక్స్ 6600. 2021లో వచ్చింది, 8 జీబీ, 132 వాట్లే తాగుతుంది. కొంచెం పైకి వెళ్తే ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 ఉన్నాయి. ఇంకాస్త పెట్టగలిగితే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ ఉంది. దీంట్లో 8 జీబీది, 16 జీబీది రెండూ ఒకే పేరుతో అమ్ముతారు కాబట్టి పెట్టె మీద చూసుకునే డబ్బులివ్వండి. నాలుగైదేళ్లు మార్చకుండా వాడాలనుకుంటే 16 జీబీది తీసుకోమనే చెబుతాను.

ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ వస్తుంది, ధరకు మంచి కార్డే. అయితే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం మదర్‌బోర్డులో ఉండి, అది ఆన్‌లో ఉంటేనే ఈ కార్డు సరిగ్గా నడుస్తుంది. పాత ప్రాసెసర్ పక్కన పెడితే కూడా డీలా పడుతుంది. పాత కంప్యూటర్‌లోకి కార్డు మాత్రమే మార్చాలనుకునేవాళ్లు దీన్ని వదిలేయండి.

తప్పించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. జీటీ 710, జీటీ 730 అసలు ఆటల కార్డులే కావు. మానిటర్‌కు బొమ్మ చూపించడానికి పనికొస్తాయి, అంతే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే పీసీఐఈ లేన్లు (బోర్డుతో కలిపే దారులు) ఉంటాయి. మూడో తరం స్లాటు ఉన్న బోర్డులో పెడితే దాని వేగం బాగా పడిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతోనూ రెండు రకాలున్నాయి. 6 జీబీది 8 జీబీదానికంటే కేవలం మెమరీలోనే కాదు, కోర్లలో కూడా తక్కువే.

పాత జీటీఎక్స్ కార్డులు చవగ్గా దొరుకుతున్నాయని కొనేవాళ్లకు ఇంకో మాట. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటి కొత్త ఆటలకు రే ట్రేసింగ్ (వెలుతురు, నీడల లెక్క) చేసే కార్డు తప్పనిసరి. సెట్టింగులు ఎంత తగ్గించినా పాత కార్డు మీద ఆడలేం.

కార్డుకు ఇప్పుడు డబ్బు చాలదు. లేకుండా మొదలుపెట్టవచ్చా?

మొదలుపెట్టవచ్చు. లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకుంటే వాలరెంట్, జీటీఏ 5 లాంటివి సెట్టింగులు తగ్గించుకుని ఆడుకోవచ్చు. దానికంటే బాగా కావాలంటే 8600జీ ఉంది. కానీ దాని ధరకు లోపల గ్రాఫిక్స్ లేని రైజెన్ 5 5600, ఒక సెకండ్ హ్యాండ్ కార్డు కలిపి వచ్చేస్తాయేమో ముందు లెక్క వేసుకోండి. లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లు ర్యామ్ తప్పనిసరిగా రెండు ముక్కలుగా వేయాలి. అది వాడుకునే మెమరీ ఆ ర్యామే కాబట్టి ఒక్కటే వేస్తే వేగం బాగా తగ్గిపోతుంది.

ఇంటెలా, ఏఎండీనా?

ఈ బడ్జెట్‌లో రెండిట్లోనూ మంచివి ఉన్నాయి. ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్, ఏఎండీలో రైజెన్ 5 5600. రెండూ 2022లో వచ్చినవే, రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఆ రోజు షాపులో బోర్డుతో కలిపి ఏది చవగ్గా వస్తే అది తీసుకోండి. 5600కు, 5500కు పేరులో తేడా చిన్నదే గానీ లోపల తేడా పెద్దది. 5600లో 32 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ), 5500లో 16 ఎంబీ. ఆటల్లో ఆ క్యాష్ బాగా పనికొస్తుంది. పైగా 5500 మూడో తరం పీసీఐఈ దగ్గరే ఆగిపోయింది.

ఇంటెల్‌లో చివర ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. కార్డు పాడై వారంటీకి వెళ్లిందంటే, అది వచ్చేదాకా కంప్యూటర్ మొత్తం మూలన పడుతుంది. చదువుకో, ఇంటి నుంచి ఆఫీసు పనికో కూడా ఇదే కంప్యూటర్ వాడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకాస్త పెట్టగలిగితే ఏఎం5 సాకెట్‌లో (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) రైజెన్ 5 7600 వైపు చూడండి. 2022లో మొదలైన ఆ సాకెట్‌కు కనీసం 2027 వరకు కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. బోర్డు మార్చకుండా రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. దీనికి డీడీఆర్5 ర్యామ్ తప్పదు, ప్రస్తుతం చిక్కంతా అక్కడే ఉంది.

ర్యామ్ ఎంత? ధర ఎందుకింత పెరిగింది?

16 జీబీ, 8 జీబీవి రెండు. ఒకే 16 జీబీ ముక్క వేస్తే ఒక దారే వాడుకుంటుంది, రెండు వేస్తే రెండు దారులు తెరుచుకుంటాయి. డీడీఆర్4 అయితే 3200 లేదా 3600 వేగం, ఏఎం5 బోర్డుకైతే డీడీఆర్5లో 6000 వేగం బాగా నప్పుతాయి. కొన్నాక బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయాలి. చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంటుంది. చాలామంది ఏళ్ల తరబడి అలాగే వాడేస్తున్నారు.

ధర విషయానికొస్తే, 2025 చివర నుంచి ర్యామ్ రేట్లు ప్రపంచమంతటా ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పుల గిరాకీ పెరగడం, తయారీదారులు తమ ఫ్యాక్టరీలను అటువైపు మళ్లించడం ముఖ్య కారణాలు. ఇంట్లో ఏ పాత కంప్యూటర్‌లోనైనా డీడీఆర్4 ర్యామ్ ఉంటే దాన్ని పారేయకండి. దాని చుట్టూనే 5600 లేదా 12400ఎఫ్‌తో కొత్తది కట్టుకోవడం ఇప్పుడు తెలివైన పని. 12400ఎఫ్‌కు డీడీఆర్4 బోర్డులు, డీడీఆర్5 బోర్డులు వేరువేరుగా వస్తాయి, చూసుకుని కొనండి.

మదర్‌బోర్డు మీద ఎంత పెట్టాలి?

తక్కువే. ఇంటెల్‌కు హెచ్610 లేదా బీ760, ఏఎం4కు (5600 కూర్చునే సాకెట్) బీ550, ఏఎం5కు బీ650 సరిపోతాయి. ఏ520 కూడా నడుస్తుంది గానీ అందులో నాలుగో తరం పీసీఐఈ ఉండదు. హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయని గుర్తుంచుకోండి. పాత బీ450 బోర్డు కొంటే రైజెన్ 5000 ప్రాసెసర్లకు తగ్గట్టు బయోస్ అప్‌డేట్ అయి ఉందో లేదో షాపులోనే అడగండి, లేకపోతే డిస్‌ప్లే రాదు.

ఎస్‌ఎస్‌డీనా, హార్డ్‌డిస్కా?

ఎన్‌వీఎంఈ రకం (బోర్డు మీదే బిగించే) ఎస్‌ఎస్‌డీ, వీలైతే 1 టీబీ. ఒక్కో పెద్ద ఆట 100 జీబీ దాటుతోంది, 512 జీబీ నెల తిరగకుండా నిండిపోతుంది. మూడో తరానికీ నాలుగో తరానికీ ఆటల్లో తేడా పెద్దగా తెలియదు, చవగ్గా వచ్చింది తీసుకోండి. హార్డ్‌డిస్కు సినిమాలకు, ఫొటోలకు.

ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క మాట మాత్రమే గుర్తుంచుకోగలిగితే ఈ మాట గుర్తుంచుకోండి.

షాపులో ఆ ఉచిత ఎస్‌ఎంపీఎస్‌ను చేతిలోకి తీసుకుని, పక్కనే ఒక మంచి కంపెనీ 550 వాట్లదాన్ని ఇంకో చేత్తో పట్టుకోండి. తేడా బరువులోనే తెలిసిపోతుంది. చవకదాంట్లో ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది, హీట్‌సింకులు పలచన, కరెంటును వడకట్టే భాగాలు కొన్ని అసలు పెట్టనే పెట్టరు. తర్వాత దాని పక్కనున్న స్టిక్కర్ చదవండి. పైన పెద్ద అక్షరాల్లో 450 అని ఉంటుంది. కింద గళ్లలో ప్లస్ 12 వోల్టులు అన్న చోట ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. అక్కడ 18 అని ఉంటే, 12ను 18తో గుణిస్తే 216. ఇప్పటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కరెంటు తీసుకునేది ఆ 12 వోల్టుల దారి నుంచే కాబట్టి మీకు నిజంగా పనికొచ్చేవి ఆ 216 వాట్లే. మంచి 550 వాట్లదాని మీద అదే చోట 45 దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు.

5600, ఆర్‌ఎక్స్ 6600 ఉన్న కంప్యూటర్ ఆట ఆడేటప్పుడు మొత్తం కలిపి 250 నుంచి 300 వాట్లు తీసుకుంటుంది. మంచి కంపెనీది 450 వాట్లు దీనికి చాలు, 550 అయితే రేపు కార్డు మార్చుకోవడానికి వెసులుబాటు. కోర్సెయిర్, కూలర్ మాస్టర్, డీప్‌కూల్, యాంటెక్ కంపెనీల్లో ఈ స్థాయివి ఉన్నాయి. అయితే ఒకే కంపెనీలో కూడా మంచివి, మామూలివి రెండూ ఉంటాయి. పేరు చూసి ఆగిపోకుండా ఆ మోడల్‌ను విప్పి పరీక్షించిన రివ్యూ చదవండి. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది. లోపలి భాగాల నాణ్యతకు అది హామీ కాదు. ఉన్నదే తీసుకోండి, కానీ అది ఒక్కటే చూసి కొనకండి.

నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు ఒక్కోసారి బోర్డునూ, కార్డునూ కూడా వెంట తీసుకుపోతుంది. రెండు వేలు మిగిలాయనుకుంటే పాతిక వేల కార్డు పోతుంది. ఈ బాధ తెలిసినవాళ్ల ఇళ్లలో చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఎస్‌ఎంపీఎస్ పోయిందా?

చాలాసార్లు పోయింది ఎస్‌ఎంపీఎస్ కాదు, ఇంట్లో ఎర్తింగ్. ఎస్‌ఎంపీఎస్ లోపల వడపోత కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును బాడీకి వదులుతాయి, అది ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే బాడీ మీదే నిలిచి, చెప్పుల్లేని కాలితో, తడి చేత్తో తాకినప్పుడు జివ్వుమంటుంది. ఇదే పరిస్థితిలో లోపల ఇంకేదైనా లోపం వస్తే ప్రమాదం పెద్దదవుతుంది, అందుకే తేలిగ్గా తీసుకోవద్దు.

పాత అపార్ట్‌మెంట్లలో, అద్దె ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉన్నా పైన పెద్ద రంధ్రం వెనక వైరే ఉండకపోవడం చూస్తుంటాం. కంప్యూటర్ కొనే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ మీటరు పెట్టి చూడమనండి. మొదటిది 230కి దగ్గరగా, రెండోది నాలుగైదు వోల్టుల లోపు ఉండాలి. అద్దె ఇల్లయితే యజమానితో మాట్లాడి వేయించుకోండి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాడటం మాత్రం మానేయండి.

యూపీఎస్ కావాలా?

గాలివాన వస్తే కరెంటు పోవడం, వచ్చి మళ్లీ పోవడం మనకు కొత్తేమీ కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరు మనది. యూపీఎస్ ఉంటే ఆట సేవ్ చేసి, కంప్యూటర్‌ను సరిగ్గా ఆపుకోవడానికి ఐదు నిమిషాలు దొరుకుతాయి. అంతకు మించి దాన్నుంచి ఆశించకండి. 600 వీఏ అని రాసినవి ఎక్కువగా 360 వాట్లే ఇస్తాయి. ఆట నడుస్తుండగా కంప్యూటర్, మానిటర్ రెండూ ఆ హద్దుకు దగ్గరగా వస్తాయి. 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత.

డబ్బు లేకపోతే ముందు ఎర్తింగ్, తర్వాత మంచి సర్జ్ ప్రొటెక్టర్, యూపీఎస్ ఆ తర్వాతే. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ రూటర్ నుంచి వచ్చే లాన్ కేబుల్ కూడా పీకేయండి. చాలామంది ఇది మర్చిపోతారు.

సముద్రం దగ్గర ఇల్లు. ఉప్పుగాలికి పార్టులు పాడవుతాయా?

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఉండేవాళ్లకు కిటికీ గ్రిల్స్‌కు తుప్పు ఎంత తొందరగా పడుతుందో తెలుసు. కంప్యూటర్‌లోనూ అదే జరుగుతుంది, కాస్త నెమ్మదిగా. ముందు క్యాబినెట్ వెనక స్క్రూలు, యూఎస్‌బీ పోర్టుల అంచులు ఎర్రబడతాయి. తర్వాత రాగి ఉన్నచోట చిలుము. ఒక్కోసారి ఏ లోపమూ లేకుండానే డిస్‌ప్లే రాదు. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్లను మెత్తని రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొడి దులిపి పెడితే మళ్లీ నడుస్తుంది. మన షాపుల్లో రిపేరుకు తీసుకెళ్తే మొదట చేసేది కూడా అదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే దానితో తుడవడం ఇంకా మంచిది.

సముద్రం వైపు కిటికీ పక్కన క్యాబినెట్ పెట్టకండి. ముందు భాగం జాలీగా ఉన్న క్యాబినెట్ గాలి ఆడటానికి మంచిది, దానికి తీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్ ఉన్నది చూసుకోండి. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ చుట్టుపక్కల పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ముకైతే ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కడగాల్సిందే. నేల మీద పెట్టకుండా చిన్న స్టాండు మీద పెడితే సగం దుమ్ము తప్పుతుంది.

కంప్యూటర్‌ను నెలల తరబడి వాడకుండా వదిలేయకండి. నడిచేటప్పుడు పుట్టే వేడి లోపలి తేమను తరిమేస్తుంది. పరీక్షల రోజుల్లో ఆటలు ఆపేసినా వారానికోసారి అరగంట ఆన్ చేసి ఉంచండి. ఏసీ గదిలో చల్లబడిన కంప్యూటర్ ఆఫ్‌లో ఉండగా కిటికీలు తెరిచి తడిగాలి రానిస్తే చల్లని లోహం మీద చెమ్మ పడుతుంది. అలాంటప్పుడు వెంటనే ఆన్ చేయకుండా కాసేపు ఆగండి.

వేరే కూలర్ కొనాలా?

5600, 12400ఎఫ్ రెండింటి పెట్టెలోనూ కూలర్ వస్తుంది, దాంతోనే మొదలుపెట్టండి. మే నెల ఉక్కపోతలో ఏసీ లేని గదిలో ఫ్యాన్ మోత ఎక్కువైతే, ప్రాసెసర్ 90 డిగ్రీల దగ్గరే కూర్చుంటే, అప్పుడు ఏజీ400 లాంటి టవర్ కూలర్ ఒకటి తగిలించండి. క్యాబినెట్‌లో దాని ఎత్తు పడుతుందో లేదో కొలుచుకోవాలి. ఈ ప్రాసెసర్లకు లిక్విడ్ కూలర్ దండగ.

ఐ7 గేమింగ్ పీసీ 20 వేలకే అని ప్రకటనలు చూస్తున్నాను. నిజమేనా?

ఐ7 నిజమే. అది ఏ తరం అన్నది వాళ్లు రాయరు. ఎక్కువగా ఐ7-2600 లేదా 3770 ఉంటుంది. మొదటిది 2011ది, రెండోది 2012ది. ఆఫీసుల నుంచి తీసేసిన ప్రాసెసర్, కొత్తగా కనిపించే పేరులేని బోర్డు, జీటీ 730, లైట్లున్న క్యాబినెట్, ఇవన్నీ కలిపి అమ్ముతారు. ఇవాళ్టి ఐ3-12100ఎఫ్ నాలుగు కోర్లతోనే దాన్ని సునాయాసంగా దాటేస్తుంది. పైగా ఆ పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎలాగోలా ఎక్కించినా దాని మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలు అడుగుతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనవచ్చా?

కొనవచ్చు, కళ్ల ముందు నడిపించి చూపిస్తేనే. తక్కువ బడ్జెట్‌లో డబ్బు బాగా కలిసొచ్చేది ఇక్కడే. కార్డు ఉన్న కంప్యూటర్ దగ్గరికే వెళ్లండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి మోడల్, మెమరీ సరిపోయాయో చూడండి. పాత చిప్పుకు బయోస్ మార్చి 1050 టీఐ పేరుతో అమ్మే నకిలీలను అది పట్టిస్తుంది. తర్వాత ఫర్‌మార్క్ లాంటి పరీక్షో, ఏదైనా బరువైన ఆటో ఇరవై నిమిషాలు నడపండి. తెర మీద చుక్కలు, గీతలు వచ్చినా, ఫ్యాన్ గరగరమన్నా, వేడి ఆగకుండా పెరుగుతున్నా వెనక్కి ఇచ్చేయండి.

ఆర్‌ఎక్స్ 580 కొనేవాళ్లు 2048ఎస్‌పీ అని ఉందేమో చూసుకోండి. అది పేరుకే 580, లోపల 570. మైనింగ్‌లో (డిజిటల్ కరెన్సీ సంపాదించే పనిలో) వాడిన కార్డు అంటే భయపడేవాళ్లు ఎక్కువ. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే డిజిటల్ కరెన్సీ పద్ధతి మారిపోయాక అవి గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో ముందు అరిగేవి ఫ్యాన్లు, ఆరిపోయేవి థర్మల్ ప్యాడ్లు. పరీక్షలో నెగ్గితే, ధర బాగా తక్కువైతే తీసుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం సెకండ్ హ్యాండ్ కొనకండి.

ద్వారకానగర్‌లో కొనాలా, ఆన్‌లైన్‌లోనా, హైదరాబాద్ వెళ్లాలా?

ముందు ఆన్‌లైన్‌లో రెండు మూడు చోట్ల రేట్లు చూసి కాగితం మీద రాసుకుని, ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు షాపులకు వెళ్లండి. “అన్నా, ఇదిగో ఈ పార్టులే కావాలి, బిల్లుతో మొత్తం ఎంతవుతుంది?” అని అడగండి. గేమింగ్ పీసీ కావాలి అని అడిగితే మీకు కావలసింది కాకుండా వాళ్ల దగ్గర మిగిలిపోయింది వస్తుంది. ఐదారు శాతం ఎక్కువైనా ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఊళ్లోనే కొనడం మంచిదని నా అభిప్రాయం. డిస్‌ప్లే రాకపోతే మూడూ పట్టుకెళ్లి వాళ్ల బల్ల మీదే పెట్టి చూపించవచ్చు. మోడల్ దొరకనప్పుడు, తేడా వేలల్లో ఉన్నప్పుడు కార్డు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పెట్టె సీలు తీసే ముందు నుంచి మొత్తం ఆపకుండా వీడియో తీయండి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎంపిక ఎక్కువే. ఎలాగూ పని మీద గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటే ఒకసారి చూసి రండి. దాని కోసమే వెళ్తే ఆదా అయినదంతా ఛార్జీలకే పోతుంది. పైగా పార్టు పాడైతే మళ్లీ అక్కడికే వెళ్లాలి.

ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు వద్దంటే 18 శాతం తగ్గిస్తామంటారు. ఆ బిల్లు లేకపోతే మూడేళ్ల వారంటీ కాగితం మీదే మిగిలిపోతుంది. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, ఆ కంపెనీ వస్తువు విశాఖలోనే తీసుకుంటారా, కొరియర్ చేయాలా అన్నది కూడా అప్పుడే అడగండి.

నేనే బిగించుకోగలనా?

తప్పకుండా. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, మంచి వెలుతురు, తొందరలేని మధ్యాహ్నం ఉంటే చాలు. ప్రాసెసర్ సాకెట్ దగ్గర మాత్రం బలం వాడకండి. మూలన ఉన్న బాణం గుర్తు కలిపి వదిలితే అదే కూర్చుంటుంది. ఇంటెల్‌లోనూ, ఏఎం5లోనూ పిన్నులు బోర్డు మీద ఉంటాయి, వేలు తగిలినా వంగిపోతాయి. క్యాబినెట్‌లో బిగించే ముందు బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కార్డు తగిలించి ఒకసారి ఆన్ చేసి చూడండి.

అంతా బిగించాను, డిస్‌ప్లే రావడం లేదు!

టెన్షన్ పడకండి. మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా? ప్రాసెసర్ పక్కన పైమూలలో ఎనిమిది పిన్నుల పవర్ వైరు పెట్టారా? కార్డుకు పవర్ వైరు? ర్యామ్ టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కారా? నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు ముక్కలు వేస్తే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో వేయాలి. చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ఆట ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 300 వాట్లనుకోండి. రోజుకు నాలుగు గంటలు ఆడితే 1.2 యూనిట్లు, నెలకు 36. మనకు బిల్లు శ్లాబుల లెక్కన వస్తుంది కాబట్టి ఈ 36 యూనిట్లు పడేది మీ ఇంటి పై శ్లాబు రేటుకే. వేసవిలో ఏసీ కూడా నడిచే ఇంట్లో ఇది ముందే చెప్పి ఉంచండి.

కొన్న మొదటి వారంలో ఏం చూడాలి?

షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ వెంటనే మార్చి ఇచ్చే గడువు చిన్నది, అది దాటితే కంపెనీ సర్వీసు చుట్టూ తిరగాలి. కాబట్టి ఆ వారమంతా కంప్యూటర్‌ను బాగా పని చేయించండి. ఒక రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి ర్యామ్ చూడండి, ఒక్క తప్పు చూపించినా మార్పించుకోండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో మానిటర్ 60 దగ్గరే ఉందేమో చూసి 144కు మార్చండి. మీరు రాసుకున్న ఐదు ఆటల్లో బరువైనదాన్ని రెండు గంటలు ఆడి, కార్డు వేడి, ప్రాసెసర్ వేడి ఒక కాగితం మీద రాసుకోండి. ఏడాది తర్వాత అదే ఆటకు పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఫిల్టర్లు, హీట్‌సింకులు శుభ్రం చేసే వేళయిందని అర్థం. పెట్టెలు, బిల్లులు అటక మీద పొడి చోట దాచండి. కొన్ని కంపెనీలు పెట్టె మీది సీరియల్ స్టిక్కర్ కూడా అడుగుతాయి.